బెంచీ గడిలో రాయనిది

ఫిబ్రవరి 3, ఆదివారం

ఆసుపత్రి గేటుకి గుడ్డ బ్యానరు కట్టారు. పిల్లలు పూలు, కాపాడుకుందాం అని రాసి ఉంది. కట్టినవాళ్లు గేటు పక్క గులాబీ మొక్కని తొక్కేసి పోయారు.

జిల్లా ఆరోగ్యాధికారి వచ్చాడు. కొత్తవాడు, కుర్రవాడు. బూట్లలో మొహం చూసుకోవచ్చు. నెలాఖరుకి డాక్టర్ హైఫా రిటైరవుతోంది కదా, సన్మానం చేస్తారట. జ్ఞాపిక ఎవరు ఇవ్వాలి, ఫోటోలో ఎవరు ఎటు నిలబడాలి అని గంటసేపు మాట్లాడాడు. బయట పిల్లలు ఏడుస్తుంటే మాటలు వినబడటం లేదని తలుపు వేయించాడు.

పోతూ పోతూ నన్ను చూశాడు.

"ఈ ముసలాయన ఏం చేస్తాడు?"

"తలుపు దగ్గర కూర్చుంటాడు. బెంచీని చూస్తాడు," అంది డాక్టర్ హైఫా.

"బెంచీని చూడ్డమేమిటి?"

"పిల్లని ఎవరు ఎత్తుకొచ్చారు, పిల్ల ఎవరి ఒళ్లోకి పోతోంది, ఎవర్ని చూసి బిగుసుకుపోతోంది. చూసింది కార్డు మీద చివరి గడిలో ఒక ముక్క రాస్తాడు. నా గదిలోకి వచ్చాక అందరూ బంగారంలాంటి తల్లిదండ్రులే. బెంచీ మీద ఉన్నంతసేపే వాళ్లు వాళ్లలా ఉంటారు. తలుపు దగ్గరి మనిషిని ఎవరూ లెక్కచెయ్యరు."

"చదువు?"

"ఆరో తరగతి," అన్నాను.

నవ్వాడు. "ఇది ఏ నిబంధనల పుస్తకంలో ఉంది డాక్టర్?"

"ఇంకా రాయలేదు. తీరిక దొరికితే మీరు రాయండి," అంది.

ఇరవై ఏడేళ్లుగా ఆ గడి నింపుతున్నాను. రాసి రాసి చేతికి అలవాటైంది. ఇంటికొచ్చాక ఇందులో గీకుతాను. ఎవరికీ చూపించను. చూపించడానికి ఏముంది గనక.

ఫిబ్రవరి 4, సోమవారం

రఘద్‌ని తెచ్చారు. మా అన్న మిఫ్లిహ్ మనవరాలు. నాలుగేళ్లు.

తండ్రి నాయిఫ్ ఎత్తుకొచ్చాడు. రెండు చేతులకీ తడిగుడ్డలు చుట్టి ఉన్నాయి.

"హీటర్ మీద పడింది చిన్నాన్నా. ఒక్క క్షణం అటు తిరిగానంతే."

కాలిన పిల్ల ఏడిస్తే ఆసుపత్రి కప్పు లేచిపోవాలి. ఇది ఏడవలేదు. నాయిఫ్ సిగరెట్ కోసం జేబులో చెయ్యి పెట్టినప్పుడల్లా కళ్లు గట్టిగా మూసుకుంది.

గడిలో రాశాను. ఏడవలేదు. తండ్రి చెయ్యి కదిలితే కళ్లు మూసుకుంది. రాయడం నా పని.

నొప్పికి మందిచ్చి కట్టు కట్టాక డాక్టర్ హైఫా బయటికి వచ్చింది.

"నాయిఫ్, నువ్వు ముందుకి పడబోతే చేతులు ఎలా పెడతావు? చూపించు."

వాడు చూపించాడు. అరచేతులు ముందుకి చాచాడు.

"దీని అరచేతులకి బొబ్బ కూడా లేదు. కాలింది చేతుల వెనకవైపు. రెండూ ఒక్కలాగే కాలాయి, హీటర్ జల్లెడ గీతలు వంకర కూడా పోలేదు. హీటర్ చుట్టూ ఇనప కంచె ఉండాలే, ఏమైంది?"

"అది... అడ్డంగా ఉందని తీశాం డాక్టర్ గారూ."

ఆ కంచె నేనే మోసుకెళ్లి వాళ్లింట్లో పెట్టాను. ఊరి కమ్మరి చేత డాక్టర్ హైఫా నాలుగు వందల కంచెలు చేయించింది. ఆ ఏడాది కాలిన పిల్లలు సగానికి సగం తగ్గారు. మా అన్న ఇంట్లో మాత్రం అది కోళ్ల గూటికి తలుపైంది. చూశాను. చూసి ఊరుకున్నాను. కోళ్లు క్షేమంగానే ఉన్నాయి.

పిల్లని అంబులెన్సులో అమ్మాన్ పెద్దాసుపత్రికి పంపింది. ప్రాసిక్యూటర్‌కి రిపోర్టు రాసింది. పద్నాలుగో తేదీ గురువారం ఆయన తేలుస్తాడు, పిల్ల ఇంటికి తిరిగి పోవాలా, మాదబాలో అమ్మమ్మ దగ్గరికి పోవాలా అని. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. అమ్మమ్మ రెండేళ్లుగా పిల్లని అడుగుతూనే ఉంది. మా వంశం రక్తాన్ని బయటివాళ్ల ఇంట్లో పెట్టం అన్నాడు మా అన్న. రక్తం మీద మా వాళ్లకి చెప్పలేనంత ప్రేమ.

ఫిబ్రవరి 5, మంగళవారం

డాక్టర్ హైఫా అమ్మాన్‌లో ఉంది. మంగళవారాలు అక్కడ పాఠం చెప్తుంది. మంగళవారం నాకు ఇష్టం లేదు.

ఫిబ్రవరి 6, బుధవారం

డాక్టర్ హైఫా వచ్చినప్పుడు ఇక్కడ ఆసుపత్రి లేదు, ఒక జీపు ఉంది. గుడారం కొయ్యకి తక్కెడ వేలాడదీసి పిల్లల్ని తూచేది. మా ఆడవాళ్లు నవ్వారు. గొర్రెపిల్లల్ని కొంటావా అమ్మా అని అడిగారు. నేను తక్కెడ మోసేవాణ్ణి. అలా మొదలైంది నా ఉద్యోగం.

సూదులు వేసింది. నీళ్లు కాచి తాగమంది. తల్లులకి పాలు పట్టడం నేర్పడమేమిటని ముసలమ్మలు తిట్టారు. తిట్టినవాళ్లే మనవల్ని ఎత్తుకుని వరసలో నిలబడ్డారు.

తర్వాత ఒక ఏడాది కార్డులన్నీ బల్ల మీద పోసి కూర్చుంది. "అబూ ఘాలిబ్, మన ఊళ్లో మెట్లున్న ఇళ్లు ఎన్ని?" అంది. వెళ్లి లెక్కపెట్టి వచ్చాను. ముప్ఫై ఒకటి. "మెట్ల మీద నుంచి పడ్డారని తెచ్చిన పిల్లలు ఒక్క ఏడాదిలో అరవై నలుగురు," అంది. అప్పుడు మొదలైంది బెంచీ గడి.

కొత్తగా తల్లయినవాళ్ల ఇళ్లకి నర్సుల్ని పంపింది. పిల్ల ఏడుపు ఆపకపోతే మంచం మీద పడుకోబెట్టి, గుమ్మం బయటికొచ్చి నిలబడు, కుదపకు అని చెప్పించింది. ఇంత చిన్న మాట చెప్పడానికి ఇంత పెద్ద చదువా అన్నాడు మా అన్న. ఆ మాట వినని ఇల్లు ఆయనదే.

పొగడటం లేదు. ఆవిడ పెట్టే టీ తాగలేం. కోపం ఎక్కువ. కుర్చీలో కాలు మీద కాలు వేసుకుంటుంది. రాయాలి కదా అని రాశాను.

ఫిబ్రవరి 7, గురువారం

మా అన్న ఇంటికి వచ్చాడు. పదకొండు నెలల తర్వాత. అత్తరు ముందు వచ్చింది, ఆయన వెనక వచ్చాడు.

"తమ్ముడూ, రేపు సాయంత్రం అసర్ నమాజయ్యాక పెద్దలమంతా రాయబారానికి, జాహాకి వెళ్తున్నాం. డాక్టరమ్మ అన్న ఫవ్వాజ్ ఇంజినీరు ఇంటికి. మన పెద్దలు ఇరవై మంది, పక్క వంశాల వాళ్లు పదిహేను. నువ్వు నా పక్కన కూర్చోవాలి."

"నేనా?"

"నువ్వే. ఇరవై ఏడేళ్లు ఆవిడ తలుపు కాశావు. నిన్ను చూసి కాదనదు."

"ఏం అడుగుతారు?"

"ఏముందీ, రిపోర్టు వెనక్కి తీసుకోమని. పొరపాటు పడ్డాను, ప్రమాదమే అని ఒక ముక్క రాస్తే చాలు. రిటైరయ్యే మనిషికి ఈ గొడవెందుకు? అధికారి కూడా ఆ మాటే అన్నాడు, సన్మానం ప్రశాంతంగా జరగనీ అని."

బూట్లవాడు. అనుకున్నాను.

"నాయిఫ్ ఏమంటాడు?" అన్నాను.

"వాడి మొహం! వాడికి చెయ్యి కాస్త దురుసు, అంతేగా. మనల్ని మన నాన్న కొట్టలేదా? చచ్చామా?"

మా చిన్న తమ్ముడు జురైస్ చచ్చిపోయాడు. ఆరేళ్లకి. బావిలో పడ్డాడన్నారు.

ఆయన వెళ్లాక మా ఆవిడ ఉమ్ ఘాలిబ్ గిన్నెలు గట్టిగా పెట్టింది.

"మనవడి పెళ్లికి పిలవడం మర్చిపోయినవాడు జాహాకి పిలుస్తున్నాడా? అది కూడా పక్కనే! నిన్ను పెళ్లికొడుకుని చేస్తున్నారా, బలిగొర్రెని చేస్తున్నారా?"

"వెళ్లకపోతే బాగుండదు."

"ఆ మాట బాగా చెప్తావు. మన పెళ్లప్పుడు కూడా అదే అన్నావు."

వెళ్తాను. పెద్దలు పిలిచారు. కూర్చుంటే తప్పేముంది. మాట్లాడేది నేను కాదుగా.

ఫిబ్రవరి 8, శుక్రవారం

ఏడు కార్లలో వెళ్లాం. గడ్డాలు దువ్వుకున్నారు. నల్ల అంగీలకి బంగారు అంచులు. నాలుగేళ్ల పిల్ల చేతులు కాలితే ఇంత బట్ట కదిలింది.

ఫవ్వాజ్ ఇంజినీరు మంచివాడు. మెత్తనివాడు. చిన్నప్పుడు కూడా పంతులు కేకేస్తే బెంచీ కిందికి దూరేవాడట. గుమ్మంలో నిలబడి అందరికీ ఎదురొచ్చాడు. లోపలి తలుపు దగ్గర డాక్టర్ హైఫా నిలబడి ఉంది. లోపలికి రాలేదు, వెనక్కీ పోలేదు. నేను ఆమెని చూడలేదు. తివాచీ చూశాను. అంచు చిరిగి ఉంది.

కాఫీ పోశారు. మొదటి కప్పు మా అన్నకి. తాగలేదు, ముందు పెట్టాడు. నాకు ఇచ్చారు, నేనూ పెట్టాను. వరసంతా పెట్టారు. ఎవడి కప్పూ పెదవికి తగల్లేదు. అడిగింది ఇస్తాను, మీ కాఫీ తాగండి అని ఇంటివాడు అనేదాకా ఆ కప్పులు అలాగే ఉంటాయి. నాకు డెబ్బై ఒకటి వచ్చాయి. ఖూనీలకి జాహా చూశాను, పెళ్లిళ్లకి చూశాను, గొర్రెల దొంగతనానికి చూశాను. తాగండి అనని ఇంటివాణ్ణి చూడలేదు. ఇంటికొచ్చిన వాళ్లని కాఫీ ముట్టకుండా పంపించిన ఇల్లు మా కొండ మీద ఇంకా కట్టలేదు.

మా అన్న మొదలుపెట్టాడు. దేవుణ్ణి, ప్రవక్తని, ఫవ్వాజ్ తాతని, ఆయన గుర్రాన్ని పొగిడాడు. గుర్రం దగ్గర చాలాసేపు ఆగాడు. పిల్ల పేరు ఒక్కసారి కూడా రాలేదు.

"ఇంటి విషయం ఇంట్లో ఉండాలి. ఇదిగో, మీ చెల్లెలి మనిషే మా పక్కన కూర్చున్నాడు. ఇరవై ఏడేళ్లు ఆమె ఉప్పు తిన్నాడు. మా మాట కాదంటే కాదనండి, ఇతని మొహం చూసి కాదనలేరు."

ముప్ఫై అయిదు మంది నా మొహం చూశారు. నాకు అలా చూడటం అలవాటు లేదు. చూసేవాణ్ణి నేను.

ఫవ్వాజ్ చెమట తుడుచుకున్నాడు. లోపలి తలుపు వైపు తిరిగాడు. నోరు తెరిచాడు. ఆ తెరవడం నాకు తెలుసు. తర్వాత వచ్చే మాట తెలుసు.

నేను కప్పు తీసి తాగేశాను.

"అబూ ఘాలిబ్! కప్పు కింద పెట్టు!" మా అన్న పళ్ల మధ్య నుంచి అన్నాడు.

కింద పెట్టలేదు. ఇక చాలని కప్పు ఊపి, పోసే కుర్రాడికి ఇచ్చేశాను.

"తాగేశాడు!" అన్నాడు ఎవడో.

"ముసలాయన మర్చిపోయి తాగాడులే, అది లెక్కలోకి రాదు."

"రాకపోవడమేమిటి? పక్కన కూర్చోబెట్టుకున్నది మీరేగా. అడగడానికి వచ్చినవాడు తాగితే అడిగేది లేదనేగా?"

"పెద్దవాడి కప్పే లెక్క. మిఫ్లిహ్ కప్పు నిండుగానే ఉంది."

"మరి ఇతని మొహం చూసి ఇమ్మన్నది ఎవరు? ఆ మొహమే తాగేసింది!"

ఒకడు నవ్వాడు. వెంటనే దగ్గు నటించాడు. ఫవ్వాజ్ తెరిచిన నోరు మూశాడు. అంత హాయిగా నోరు మూసినవాణ్ణి నేను చూడలేదు. "పెద్దలు మీలో మీరు తేల్చుకుని మళ్లీ రండి, ఇల్లు మీదే," అన్నాడు.

కార్లు ఎక్కేదాకా అదే వాదన. వాదిస్తూ నన్ను ఎక్కించుకోవడం మర్చిపోయారు. నడిచి వచ్చాను. గంట పట్టింది.

గొంతు ఎండింది, తాగాను. ఇందులో ఎవడూ ఏమీ వెతకక్కర్లేదు.

ఫిబ్రవరి 9, శనివారం

రొట్టెల కొట్లో నా సలాముకి ఎవరూ బదులు చెప్పలేదు. రొట్టె మాత్రం వేడిగా ఉంది. ఉమ్ ఘాలిబ్ ఈ ఉదయం టీలో రెండు చెంచాల చక్కెర వేసింది. వేసి, "ఎక్కువైతే చెప్పు," అంది. నలభై ఆరేళ్లలో మొదటిసారి.

మా అన్న అమ్మాన్ నుంచి వకీలుని తెచ్చాడట.

ఫిబ్రవరి 10, ఆదివారం

డాక్టర్ హైఫా జాహా సంగతి ఎత్తలేదు. "కాఫీ ఎలా ఉంది?" అంది.

"చేదు."

"మా వదిన మాడుస్తుంది," అంది.

మధ్యాహ్నం పిల్లలు తగ్గాక లోపలికి పిలిచింది. బల్ల మీద రఘద్ కార్డు ఉంది.

"వకీలు ఏమంటాడో తెలుసు, అబూ ఘాలిబ్. ఒక్కసారి జరిగిందంటాడు. హీటర్ జారింది, పిల్ల చేతులు అడ్డం పెట్టుకుంది, పాపం తండ్రి అంటాడు. ఒక్కటే అయితే ప్రాసిక్యూటర్ నమ్మినా నమ్ముతాడు. పిల్ల గురువారం ఆ ఇంటికే పోతుంది."

కార్డు నా వైపు తిప్పింది.

"డిసెంబరు నాలుగున చెయ్యి విరిగింది. మెట్ల మీద నుంచి పడిందని కొత్త డాక్టరు రాశాడు. మీ అన్నగారింట్లో మెట్లున్నాయా?"

"లేవు."

"చివరి గడి ఖాళీగా ఉంది. కార్డులన్నీ తిరగేశాను. మీరు ఖాళీగా వదిలింది ఇదొక్కటే. ఆ రోజు బెంచీ మీద ఏం చూశారు?"

"పెన్నులో సిరా అయిపోయింది," అన్నాను.

కార్డు తీసుకుంది. "సరే," అంది.

కేకలేసుంటే బాగుండేది.

ఫిబ్రవరి 11, సోమవారం

సిరా నిజంగానే అయిపోయింది. అయిపోయే ఉంటుంది. రెండు నెలల కిందటి పెన్ను సంగతి ఎవరికి గుర్తుంటుంది.

ఆరోగ్యాధికారి ఫోన్ చేశాడు. సన్మానం వాయిదా వేశారు. పరిస్థితులు అనుకూలంగా లేవట. బ్యానరు విప్పుకుపోయారు. మళ్లీ అదే మొక్కని తొక్కారు.

ఫిబ్రవరి 12, మంగళవారం

సిరా ఉంది. ఆ రోజే ఆ పెన్నుతోనే తర్వాతి పిల్ల కార్డు రాశాను. ఆ పిల్ల పేరు కూడా గుర్తుంది. జబ్బు గజ్జి.

డిసెంబరు మూడున మా అన్న ఫోన్ చేశాడు. నాయిఫ్ చెయ్యి కాస్త జోరుగా పడింది, పిల్ల మోచెయ్యి వాచింది అన్నాడు. "మీ డాక్టరమ్మ లేనిది ఏ రోజు?" అన్నాడు. "మంగళవారం," అన్నాను. అడగ్గానే చెప్పాను. ఆలోచించలేదు. పిల్ల ఆ రాత్రంతా విరిగిన చేత్తో ఉంది, నేను రోజు చెప్పినందుకు.

మర్నాడే మంగళవారం, తెచ్చారు. బెంచీ మీద కూర్చోబెట్టారు. రఘద్ నన్ను చూసి, తాతా అని దిగి, బాగున్న చేత్తో నా అంగీ పట్టుకుని నా కుర్చీ వెనక నిలబడింది. నాయిఫ్ పిలిచినా రాలేదు. నేనే ఎత్తి వాడికి ఇచ్చాను.

గడిలో ఏం రాయను? నన్ను పట్టుకుందని రాయనా? నేను ఇచ్చేశానని రాయనా?

అధికారుల్ని, అత్తర్లని, అంగీల్ని ఇన్ని రోజులు ఇందులో తిట్టాను. కాగితం దండగ.

ఫిబ్రవరి 13, బుధవారం

డాక్టర్ హైఫాకి చెప్పాను. నిలబడి చెప్పాను. కూర్చోమంది, కూర్చోలేదు.

విన్నాక కళ్లద్దాలు తీసి తుడిచింది. మళ్లీ పెట్టుకుంది.

"నా తప్పు కూడా ఉంది," అంది. "అందర్నీ చూడ్డానికి మిమ్మల్ని కూర్చోబెట్టాను. మీ వాళ్లు వస్తే ఏం చెయ్యాలో చెప్పలేదు. ఇరవై ఏడేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు."

"చెప్పక్కర్లేదమ్మా. తెలుసు."

రేపు సెలవు అడిగాను. ఎందుకని అడగలేదు. కాగితం మీద సంతకం పెట్టింది. పెడుతూ, "ఈ నెల తర్వాత నేను ఉండను. బెంచీకి ఎదురుగా ఉన్న ఆ కుర్చీ తీసెయ్యమంటాడు ఆ కుర్రాడు. తీయనివ్వకండి," అంది.

నా మాట ఎవడు వింటాడు అనబోయి ఊరుకున్నాను.

ఫిబ్రవరి 14, గురువారం

ప్రాసిక్యూటర్ ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. వరండాలో మా అన్న, నాయిఫ్, వకీలు ఉన్నారు. నాయిఫ్ కొత్త చొక్కా వేసుకున్నాడు.

"ఎందుకొచ్చావు?" అన్నాడు మా అన్న.

"పిలిచారు," అన్నాను. పిలవలేదు. నేనే వచ్చాను. ఇన్నేళ్లలో ఆయనకి అబద్ధం చెప్పడం ఇదే మొదలు.

లోపల ప్రాసిక్యూటర్ కుర్చీ చూపించాడు. గుమాస్తా రాశాడు. ఫోన్ సంగతి చెప్పాను. మంగళవారం సంగతి చెప్పాను. కుర్చీ వెనక నిలబడటం చెప్పాను. పావుగంట పట్టింది. నా జీవితంలో ఒక్కసారిగా అంత మాట్లాడలేదు. మధ్యలో నీళ్లిచ్చారు.

గుమాస్తా చదివి వినిపించాడు. నా మాటలు అంగీ తొడుక్కుని వచ్చాయి. సదరు సాక్షి, తన బంధువైన బాలికకు కలిగిన గాయం విషయమై కొంత అనుమానము కలిగియుండియు...

"అనుమానం కాదు," అన్నాను.

"ఏమిటి?"

"అనుమానం అని నేను అనలేదు. తెలుసు అన్నాను. చెయ్యి విరిచింది తండ్రే అని తెలిసి, డాక్టర్ లేని రోజు చెప్పాను. అలా రాయండి."

గుమాస్తా ప్రాసిక్యూటర్ వైపు చూశాడు. ఆయన పెన్ను బల్ల మీద పెట్టాడు.

"పెద్దాయనా, మీ మేలు కోరి అలా రాశాడు. తెలిసి అని రాస్తే మీ మీదికి కూడా వస్తుంది. ఉద్యోగంలో ఉండి దాచినందుకు. ఈ వయసులో కోర్టు మెట్లు ఎక్కుతారా?"

"అనుమానం అని రాస్తే వకీలు ఏమంటాడు?"

ఆయన పెన్ను మళ్లీ తీసుకున్నాడు. "ముసలివాడి ఊహ అంటాడు," అన్నాడు.

"అయితే తెలుసు అనే రాయండి."

గుమాస్తా కొట్టేసి రాశాడు. మళ్లీ చదవమన్నాను. చదివాడు. ఒక్క మాట మళ్లీ చదవమన్నాను. విసుక్కుంటూ చదివాడు. సరిగ్గానే ఉంది. సంతకం పెట్టాను. తోక కాస్త పొడుగైంది.

సిరా ఆరకముందే ప్రాసిక్యూటర్ కాగితం తన వైపు లాక్కుని, తల ఎత్తకుండా గుమాస్తాతో అన్నాడు:

"మాదబా ఫోన్ కలుపు. ఆ అమ్మమ్మని ఇవాళే బయల్దేరమను."